శుక్రవారం ఆరాధన

1990 సెప్టెంబరు చివర్లో ఒక రాత్రి మా పిన్నమ్మ మదనపల్లె బస్టాండులో దిగింది. కువైట్‌ను ఇరాక్ ఆక్రమించి అప్పటికి రెండు నెలలు కావస్తోంది. బాగ్దాదు మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడ గుడారాల్లో పన్నెండు రోజులు పడిగాపులు కాసి, ఎయిరిండియా విమానమెక్కి బొంబాయికొచ్చి, అక్కడి నుంచి కడపకు రైల్లో, కడప నుంచి బస్సులో ఇల్లు చేరింది. ఆ రెండు నెలల్లో అట్లా మన దేశానికి తిరిగొచ్చినవాళ్లు 1,70,000 మందని తర్వాత పేపర్లో చదివాను.

ఆమె చేతిలో ఒక్క గుడ్డసంచే ఉంది. రెండు జతల బట్టలు, ఒక ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. ఆరేండ్లు అరబ్బుల ఇంట్లో ఖద్దామాగా, అంటే పనిమనిషిగా చేసి కూడబెట్టుకున్న సామానంతా అక్కడే ఉండిపోయింది. అమ్మ అన్నం పెడుతుంటే నేను ఆ పుస్తకం తీసి తిరగేశాను. చివరి అట్ట లోపలివైపు బాల్‌పెన్నుతో ఊళ్ల పేర్లు రాసి ఉన్నాయి. పుల్లంపేట, కోడూరు, లక్కిరెడ్డిపల్లె, పీలేరు, రావులపాలెం, రాజోలు... లెక్కపెడితే పద్దెనిమిది. ఒక్కొక్కటి ఒక్కో చేతిరాత.

"ఇవేంది పిన్నమ్మా?"

"మనుషులు పాపా. ఆడ పేర్లెవరు పిలుచుకుంటారు? పుల్లంపేటక్కా, రాజోలక్కా అంటాం. ఎవురు ముందు ఊరికి పోతే వాళ్లు మిగతావాళ్ల ఇండ్లల్లో కబురు చెప్పాలని రాసుకున్యాం."

"ఆడ మనకు చర్చి ఉందా?"

"ఉంది. మన అమెరికా దొరలు కట్టిందే."

నేనప్పుడు మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగు ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. తెల్లవాళ్లెవరు కట్టినా పిన్నమ్మకు మన దొరలే అయివుంటారని అనుకొని ఊరుకున్నాను. చదువులేని ఆ మనిషి ఎవరి దగ్గరో విని చెప్పిన ఆ ఒక్క మాట అక్షరాలా నిజమని తెలుసుకోవడానికి నాకు పదేండ్లు పట్టింది.

మదనపల్లెలో పుట్టినవాళ్లకు ఆర్కాట్ మిషన్ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి తరఫున స్కడర్ కుటుంబానికి చెందిన ముగ్గురు అన్నదమ్ములు 1853లో దాన్ని మొదలుపెట్టారు. డచ్చివాళ్ల వంశాలు ఎక్కువగా ఉన్న సంఘం అది. అమెరికాలో అది చిన్న సంఘమే. అరవ దేశం దాటి తెలుగు గడ్డ మీదికి వాళ్లు వచ్చిన దారి పలమనేరు, మదనపల్లె. జేకబ్ ఛాంబర్లేన్ 1863లో మా ఊళ్లో మకాం పెట్టాడు. పాదిరి, డాక్టరు రెండూ ఆయనే. తెలుగు బైబిలు సవరణ పనిలో ఏండ్ల తరబడి కూర్చున్నాడు. 1908లో మా ఊళ్లోనే కన్నుమూశాడు. 1911లో మా ఆస్పత్రి వచ్చింది, 1915లో ఊరి బయట ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి వచ్చింది. మా తాత ఆరోగ్యవరంలో తోటమాలి. మా ఇంట్లో గోడగడియారం మొదలుకొని ఇంటి ప్రార్థన దాకా ఆ మిషన్ వాసన ఉండేది. 1947లో ఆ సంఘం దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయాక డచ్చి పేరు మరుగునపడింది. మా తరానికి మేము సీయస్సైవాళ్లం, అంతే.

అదే రిఫార్మ్‌డ్ చర్చికి ఇంకో చెయ్యి కూడా ఉంది. న్యూజెర్సీలోని న్యూబ్రన్స్‌విక్ వేదపాఠశాలలో చదువుకున్న జేమ్స్ కాంటైన్, శామ్యూల్ జ్వేమర్ అనే ఇద్దరు యువకులు, వాళ్ల ఆచార్యుడు లాన్సింగ్ కలిసి 1889లో అరేబియన్ మిషన్ స్థాపించారు. మొదట సంఘం బోర్డు డబ్బు లేదని చేతులెత్తేసింది. దాంతో వాళ్లే చందాలు పోగుచేసుకొని బయలుదేరారు. 1894లో గాని సంఘం దాన్ని తనదిగా ఒప్పుకోలేదు. అప్పటికి బస్రాలో, బహ్రెయిన్‌లో, మస్కట్‌లో వాళ్లు నిలదొక్కుకున్నారు. నిలదొక్కుకున్నారు అనడం సులువే. జ్వేమర్ తమ్ముడు పీటర్ 1898లో జబ్బుపడి పోయాడు. 1904లో జ్వేమర్ దంపతులు ఎనిమిది రోజుల తేడాతో ఇద్దరు ఆడపిల్లలను బహ్రెయిన్ మట్టిలో పెట్టారు. పిల్లల వార్డులో చాలా ఏండ్లు డ్యూటీ చేసినదాన్ని గనక ఆ రెండు తేదీల దగ్గర నేను ఆగకుండా పోలేను.

కువైట్ తలుపు తీసింది మందే. ఆ రోజుల్లో అది మట్టిగోడల ఊరు. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్లు, పడవలు కట్టేవాళ్లు, బస్రా ఖర్జూరాన్ని బొంబాయికీ మలబారుకీ చేర్చే వ్యాపారులు. 1961 దాకా అక్కడ చెలామణీ అయింది మన రూపాయే. పాలకుడు షేక్ ముబారక్‌కు బస్రా మిషన్ డాక్టరు ఆర్థర్ బెన్నెట్ పరిచయమయ్యాడు. ఆయన వైద్యం చూసి, తమ ఊరికి కూడా డాక్టర్లను పంపమని షేకే అడిగాడు. 1912లో ఎలియనోర్ కాల్వర్లీ అనే డాక్టరమ్మ భర్తతో కలిసి వచ్చింది. కువైట్ గడ్డ మీద అడుగుపెట్టిన మొదటి లేడీ డాక్టరు ఆవిడే. 1914లో స్టాన్లీ మైల్రీ చేతిమీదుగా మగవాళ్ల ఆస్పత్రి లేచింది. ఇనుము, సిమెంటు వాడి అక్కడ కట్టిన మొదటి కట్టడం అదేనంటారు. జనం దాన్ని అమ్రికానీ అన్నారు. ఇప్పటికీ ఆ పేరే.

కాల్వర్లీ గారి సంగతి కొంచెం చెప్పుకోవాలి. అక్కడివాళ్లు ఆవిడను ఖాతూన్ హలీమా అని పిలిచేవాళ్లు. మగ డాక్టరుకు నాడి చూపించడానికి ఒప్పుకోని ఇండ్లలోకి చేతిసంచితో ఆవిడ పోయేది. కాన్పయ్యాక బాలింత లోపల రాతి ఉప్పు కూరడం అక్కడి మంత్రసానుల పద్ధతి. దానివల్ల లోపల మాంసం బిగుసుకుపోయి, తర్వాతి కాన్పులో బిడ్డ బయటికి రాలేక తల్లులు చచ్చిపోయేవాళ్లు. ఇది చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. మా పల్లెల్లో బొడ్డుకు పేడ రాసి ధనుర్వాతం తెచ్చిన కాన్పులను ట్రైనింగులో చూసినదాన్ని. ముసలి మంత్రసానిని ఎదిరించి చెప్పడం ఎంత కష్టమో, తిట్టకుండా చెప్పడం ఇంకెంత కష్టమో నాకు తెలుసు. ఆవిడ ఆ పని అరబ్బీలో చేసింది, పరాయి దేశంలో, తన ముగ్గురు ఆడపిల్లలను పెంచుకుంటూ.

1920 అక్టోబరులో జహ్రా దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. నజ్ద్ నుంచి ఇఖ్వాన్ సేనలు కువైట్ మీదికి దండెత్తాయి. ఆ తర్వాతి రోజుల్లో అమ్రికానీకి వందమందికి పైగా క్షతగాత్రులు వచ్చిపడ్డారు. మైల్రీ బృందం వాళ్లలో చాలామందిని బతికించింది. ఊరు వాళ్లను తనవాళ్లుగా చూడడం ఆ దెబ్బలు కట్టిన రోజుల నుంచే గట్టిపడిందని నా నమ్మకం. అంతకుముందు వాళ్ల వేదాన్ని అనుమానించిన పెద్దలు కూడా వాళ్ల కత్తినీ కట్టునూ అనుమానించడం మానేశారు.

వేదం సంగతి వేరే. అక్కడివాళ్లకు మందు కావాలి, మతం అక్కర్లేదు. దశాబ్దాల పనికి మిగిలిన స్థానిక విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. 1931లో చర్చి కట్టినప్పుడు ముత్యాల వ్యాపారం కూలిపోతోంది, జపాన్ సాగుముత్యాలు బజారును ముంచేశాయి. ఊరంతా అప్పుల్లో ఉంది. బెంచీల మీద కూర్చున్నది మిషన్ కుటుంబాలు, ఆస్పత్రి సిబ్బంది, తుర్కీ, ఇరాక్ వైపుల నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన కొద్ది క్రైస్తవ ఇండ్లవాళ్లు. మా సంఘంలో ఒక పెద్దాయన ఈ కథ విని, "అయితే ఆ మిషన్ ఓడిపోయినట్టే గదమ్మా" అన్నాడు. ఆయన లెక్క ప్రకారం అంతే. నేను ఒప్పుకోను.

1938లో బుర్గాన్‌లో నూనె పడింది. 1946లో మొదటి ఓడ చమురు నింపుకొని పోయింది. ప్రభుత్వమే పెద్ద ఆస్పత్రులు కట్టి ప్రజలకు ఉచిత వైద్యం ఇవ్వడం మొదలుపెట్టాక అమ్రికానీ అవసరం తగ్గుతూ వచ్చింది. 1967లో దాన్ని మూసేశారు. 1930ల చివరి నుంచి అక్కడ పనిచేసిన డాక్టరు పేరు చదివినప్పుడే నాకు పిన్నమ్మ మాట గుర్తొచ్చింది. లూయిస్ స్కడర్. అదే స్కడర్ వంశం. మా ఆర్కాట్ మిషన్‌ను పుట్టించిన ఇంటిపేరు, వేలూరు ఆస్పత్రిని నిలబెట్టిన ఐడా స్కడర్ ఇంటిపేరు, కువైట్ సముద్రపొడ్డున కూడా ఉంది. ఆ మిషన్ల పిల్లలు చదివిన బడి కూడా ఒకటే, కోడైకెనాల్. మదనపల్లె దొరసాని కొడుకూ కువైట్ దొరసాని కూతురూ ఒకే కొండ మీద ఒకే గంటకు లేచేవాళ్లన్నమాట.

ఆస్పత్రి మూతపడ్డా చర్చి మిగిలింది. దాని పేరు కువైట్ నేషనల్ ఇవాంజెలికల్ చర్చి. కువైట్ నగరంలోని ఖిబ్లా ప్రాంతంలో ఒక ప్రహరీ, ఆ ప్రహరీ లోపల అది. ఆ దేశ ప్రభుత్వం గుర్తించిన సంఘాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, అందులో ఇదొకటి. గుర్తింపు లేనివాళ్లకు కొత్తగా స్థలం దొరకదు. అందుకని వాళ్లందరూ ఈ ప్రహరీలోకే వచ్చారు. ఈ చిన్న సంఘం పెరిగిన తీరు ఇదే. అరబ్బులను మార్చకుండా, ఒక్క కొత్త గోపురం లేపకుండా, ఉన్న గదులనే గంటల లెక్కన పంచి పెరిగింది. ఇప్పుడు అక్కడ 80కి పైగా సంఘాలు కూడుకుంటాయి. అరబ్బీ, ఇంగ్లీషు, మలయాళం, తమిళం, తెలుగు, నేపాలీ, ఫిలిప్పీనోల భాష, కొరియన్. ఆ జాగా 1931 నాటి చిన్న చర్చి కోసం పెట్టుకున్నదే.

నేను 1993లో కువైట్ వెళ్లాను. యుద్ధం తర్వాత ఆస్పత్రులకు నర్సులు కావాల్సి వచ్చి ఆరోగ్యశాఖ మన దేశంలో ఎంపికలు జరిపింది. ఆకాశంలో నూనెబావుల పొగ అప్పటికి పోయింది గాని గోడల మీద గుండ్ల దెబ్బలు అట్లాగే ఉన్నాయి. పిన్నమ్మ తన కీర్తనల పుస్తకం నా పెట్టెలో పెట్టింది. "ఆ పద్దెనిమిదిమందిలో ఎవురన్నా తిరిగొచ్చినారేమో చూడు" అంది.

అక్కడ ఆదివారం పనిరోజు, శుక్రవారం సెలవు. మసీదుల్లో జుమా ఉన్న రోజే మాకు ఆరాధన. ఆదివారం ఎందుకు మానేశారని ఇంటికొచ్చినప్పుడు అడిగేవాళ్లు. దేవుడు కువైట్ క్యాలెండరు చూసుకుంటాడని మా అత్తకు చెప్పాను, ఆమె ఒప్పుకుంది.

మొదటి శుక్రవారం నేను చూసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. గదిలో డెబ్బై ఎనభై మంది. సగం మగవాళ్లు, హౌస్ డ్రైవర్లు, తాపీ పనివాళ్లు. సగం ఆడవాళ్లు, నల్ల అబాయా లోపల మన చీరో పంజాబీ డ్రస్సో. వెనక బెంచీలో ఒకామె వాక్యం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా గోడకు తల ఆనించి నిద్రపోయింది. ఎవరూ లేపలేదు. పక్కన కూర్చున్న అక్క నా చెవిలో, "వారానికి అది ఒక్కటే నిద్ర, పోనీయమ్మా" అంది. రొట్టె ద్రాక్షరసం ఇచ్చే వేళకు మాత్రం లేపారు. అక్కడ సారా, వైను రెండూ నిషేధమే కాబట్టి సీసాలో వచ్చే ద్రాక్షపండ్ల రసమే. కానుకల సంచిలో పావు దినారు నోట్లు. ప్రార్థన మనవులు చిన్న చీటీల మీద రాసి ఇచ్చేవాళ్లు. అకామా పర్మిట్టు అయిపోయింది. యజమాని కఫీల్ పాస్‌పోర్టు ఇయ్యలేదు. చిన్నోడు టెన్త్ తప్పినాడు. బోరులో నీళ్లు పడాల. ఆ చివరిది మా రాయలసీమవాళ్లదని చదవగానే తెలిసిపోయేది. అప్పుచేసి బోరు వేసి, నీళ్లు పడక, శనక్కాయ పంట ఎండిపోయి, ఆ అప్పు తీర్చడానికి ఇంటి ఆడది కువైట్ పోయింది. ఆమె జీతంలోంచి ఇంకో బోరు.

ఖద్దామాకు శుక్రవారం దొరకడమే పెద్ద గండం. ఇంట్లో పన్నెండుమంది చుట్టాలొచ్చే రోజు శుక్రవారమే. ఇంటి యజమానురాలు "మామా" ఒప్పుకుంటేనే బయటికి రావాలి. నెలకోసారి వచ్చేవాళ్లు, మూడు నెలలకోసారి వచ్చేవాళ్లు, రెండేండ్ల కాంట్రాక్టులో ఒక్క క్రిస్మస్‌కే వచ్చినవాళ్లు నాకు తెలుసు. అసలు గేటు దాటనివ్వని ఇండ్లూ ఉన్నాయి. అట్లాంటి ఇంట్లో చేసిన ఒకమ్మాయి వాటర్ ట్యాంకు పక్కన మేడ మీద నిలబడి ఫోన్లో మా ఆరాధన వినేది. చివరి పాట అయిపోయేదాకా మేము ఫోను స్పీకరు దగ్గరే పట్టుకొని ఉండేవాళ్లం. 2015లో ఇంటిపనివాళ్ల కోసం కువైట్ 68వ నంబరు చట్టం చేసింది. వారానికో సెలవు, పని గంటలకు హద్దు, కాగితం మీదికి అప్పుడు వచ్చాయి. ఆ చట్టం గురించి మా పాస్టరుగారు పుల్పిట్ మీదనుంచే చదివి వినిపించారు. ఆరోజు ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి వచ్చిన ఆమెన్ అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు.

రంజాను నెలలో పగటిపూట ప్రేమవిందు ఉండేది కాదు. ప్రహరీ లోపలే అయినా బయట ఉపవాసం ఉన్నప్పుడు మనం తినకూడదని పెద్దలు పట్టుదలగా ఉండేవాళ్లు. కరపత్రాలు బయటికి తీసుకుపోవద్దని, ముస్లింల మధ్య ప్రచారం ఆ దేశంలో నేరమని ప్రతి కొత్తవాళ్లకూ చెప్పేవాళ్లు. దీన్ని భయం అనుకునేవాళ్లు ఉన్నారు. నాకైతే ఇంటివాళ్ల గుమ్మం దగ్గర చెప్పులు విప్పడంలాగా అనిపించేది.

నేను వచ్చేసేనాటికి ఆ ప్రహరీకంతా పెద్ద ఆ దేశపౌరుడే. ఇమ్మాన్యుయేల్ గరీబ్. వాళ్ల నాన్న తుర్కీ నుంచి వచ్చి కువైట్‌లో స్థిరపడ్డాడు. ఈయన చమురు శాఖలో ఉద్యోగం చేసి, కైరోలో వేదవిద్య చదివి, 1999 జనవరిలో పాదిరిగా అభిషేకం పొందారు. గల్ఫు దేశాల పౌరుల్లో పాదిరి అయిన మొదటివాడు ఆయనే. కువైట్ పౌరసత్వం ఉన్న క్రైస్తవులు మొత్తం రెండు మూడు వందలమందే. 1980లలో మార్చిన చట్టం ప్రకారం ముస్లిం కానివాళ్లకు కొత్తగా పౌరసత్వం రాదు కాబట్టి ఆ సంఖ్య ఇక కాన్పుల వల్లే పెరగాలి. దిష్‌దాషా తొడిగి, తలకు గుత్రా కట్టిన ఆయన మా తెలుగు క్రిస్మస్ కూడికకు వచ్చి అరబ్బీలో దీవించారు. నా పక్కనున్న కోడూరక్క కండ్లు తుడుచుకుంది. ఆమె పనిచేసే ఇంటి యజమాని "బాబా" కూడా అట్లాంటి బట్టలే వేసుకుంటాడు, ఆమెతో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు.

తెలుగువాళ్లం చీలకుండా ఉన్నామని చెప్పలేను. నేను పోయినప్పుడు ఒకటి రెండు కూడికలు, నేను వచ్చేసేనాటికి చేతివేళ్లకు మించి. గోదావరి బాప్టిస్టులు ఒక గది, లూథరన్లు ఒక గది, పెంతెకోస్తువాళ్లు నాలుగు గదులు. మొదట్లో నాకు కోపంగా ఉండేది. తర్వాత అర్థమైంది, రోజంతా ఇంకొకరి ఇంట్లో ఇంకొకరి మాట ప్రకారం నడిచే మనిషికి వారానికి రెండు గంటలు తనవాళ్ల పాట, తన ఊరి రాగం కావాలి.

పిన్నమ్మ జాబితాలోని పద్దెనిమిదిమందిలో ఏడుగురిని నేను వెతికి పట్టుకున్నాను. రాజోలక్క సాల్మియాలో ఇంకో ఇంట్లో పనికి కుదిరింది. పీలేరక్క అమ్మాన్‌లో గుడారాల దగ్గరే జ్వరంతో పోయింది, ఆ కబురు వాళ్ల ఇంటికి నేనే తీసుకుపోయాను. ప్రతి ఏడాదీ ఆ అట్ట మీద కొత్త ఊళ్లు చేరాయి. అట్ట నిండాక మధ్యలో తెల్లకాగితాలు కుట్టాను.

2017లో రిటైరయి వచ్చేసే ముందు శుక్రవారం ఉదయం నేను ఒక్కదాన్నే సముద్రం పక్కనున్న అమ్రికానీకి పోయాను. బాగుచేసి సాంస్కృతిక కేంద్రంగా పెట్టారు. వార్డుల్లో ఇప్పుడు కచేరీలు, బొమ్మల ప్రదర్శనలు. కిటికీలోంచి సముద్రపుగాలి వచ్చింది, ఆ రోగులకు కూడా అట్లాగే వచ్చివుంటుంది. మంచాలు ఎంతెంత దూరంలో వేసివుంటారో అడుగులతో కొలిచి చూశాను. ఆరు అడుగులు. మా మేరీ లాట్ లైల్స్ జనరల్ వార్డులోనూ అంతే.

అక్కడి నుంచి చర్చికి పోయేసరికి ఆరాధన సగమయింది. చివర్లో పుస్తకాన్ని ఆ ఏడాదే వచ్చిన ఒకమ్మాయి చేతిలో పెట్టాను. రామాపురం దగ్గర పల్లె, ముప్ఫై నిండి మూడు నెలలైందట. ఆమె పెన్ను అడిగి తీసుకొని, బెంచీ మీద వంగి, నాలుక కొస పండ్ల మధ్య పెట్టుకొని, వాళ్ల ఊరి పేరు రాస్తోంది. అప్పటికే మా టైము దాటింది. తలుపు దగ్గర నేపాలీవాళ్లు మాదల్ డోలు పట్టుకొని నిలబడ్డారు. "రాసుకోనీండి, రెండు నిమిషాలు" అని నేను హిందీలో అన్నాను. వాళ్ల పెద్దాయన తలూపి, లోపలికొచ్చి, ఆ అమ్మాయి కూర్చున్న బెంచీ ఒక్కటి వదిలిపెట్టి మిగతావన్నీ తమకు కావాల్సినట్టు సర్దుకోవడం మొదలుపెట్టాడు.